మా ఇంట్లో ఆపరేషన్ ఎవరికి: నా అనుభవం

మా వైపు రెండో కాన్పు అయిందంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయి ఉంటుందనే అనుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు పిల్ల బరువు అడిగినంత మామూలుగా "ఆపరేషన్ కూడా చేసేశారా?" అని అడుగుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే ఆ ఆపరేషన్, చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద చూస్తే అది 38 శాతం. మగవాళ్ల ఆపరేషన్ (వేసెక్టమీ) మా రాష్ట్రంలో అర శాతం కూడా లేదు. మాత్రలు, గర్భసంచిలో పెట్టే కాపర్-టి, ఇంజక్షన్, కండోమ్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం దాటవు. అంటే ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని ఆపరేషనే, ఇంకోటి లేదు.

నేను ఆ దారిలో వెళ్లలేదు. మొదటి పాప తర్వాత ఎడం కోసం ఇంజక్షన్, రెండో పాప తర్వాత కాపర్-టి, చివరికి మా ఆయనకి వేసెక్టమీ. ఇదంతా దాటి వచ్చేసరికి నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. ఏ పద్ధతి వాడాలన్నది డాక్టరు దగ్గరికి వెళ్లకముందే ఇంట్లో తేలిపోతుంది. ఎవరి సంపాదన ఆగితే ఇల్లు గడవదు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి ఒంటికి ఏమైనా పర్వాలేదు అనుకుంటారు, వీటి మీద తేలుతుంది. నాకు జరిగింది జరిగినట్టు రాస్తే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

డిగ్రీ అవగానే పెళ్లయింది. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతారు, అది ఫైనాన్స్ మీద తీసుకున్న బండి. నేను ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. అత్తయ్య, మావయ్య, మేము ఒకే ఇంట్లో ఉంటాం. మొదటి కాన్పు సిజేరియన్, ఆడపిల్ల. పాపకి నెల నిండకముందే అత్తయ్య "వెంటనే ఇంకొకరిని కనేస్తే ఇద్దరూ ఒకేసారి పెరిగిపోతారు, తర్వాత ఆపరేషన్ చేయించుకుంటే పీడా పోతుంది" అనడం మొదలుపెట్టారు. ఆ ఇంకొకరు మగపిల్లాడే అవుతాడన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. మా అమ్మకీ అభ్యంతరం లేదు. అమ్మ అలాగే చేసింది. ఇరవై రెండేళ్లకి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. ముప్పై అయిదు దాటాక నొప్పులు, ఎక్కువ బ్లీడింగ్ అని వెళ్తే గర్భసంచి కూడా తీసేశారు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడం దేశంలో తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువ. అమ్మ తోటివాళ్లకి అదేం వింతగా అనిపించదు. పిల్లలు పుట్టడం అయిపోయాక ఇక దానితో పనేముంది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

కుట్లు మానడానికే నాకు చాలాకాలం పట్టింది. మళ్లీ వెంటనే కడుపు అంటే భయం. ఆ భయం చెప్పుకోవడానికి ఇంట్లో చోటు లేదు. ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సు, ఏఎన్‌ఎం, మా ఇంటికి వచ్చి "ఏమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అత్తయ్య "మాకు అవన్నీ ఎందుకమ్మా, ఒక్కతే కదా ఉంది" అని చెప్పి పంపించేశారు. ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. ఆ ప్రశ్న నన్ను అడిగారన్న ఆలోచనే ఆవిడకి లేదు, అంతే.

పాపకి టీకా వేయించడానికి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్లినప్పుడు అదే ఏఎన్‌ఎం పాపని తూకం వేసే వంకతో నన్ను పక్క గదిలోకి పిలిచింది. బల్ల మీద ఒక ట్రే. అందులో నిరోధ్ కండోమ్ ప్యాకెట్లు, మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల షీట్లు, ఛాయ అనే ఇంకో రకం మాత్రలు, గర్భసంచి ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ బొమ్మలో పెట్టి చూపించే కాపర్-టి. "మీ అత్తగారి ముందు చెప్పలేవని తెలుసు, ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి?" అంది. నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆవిడే. కాన్పయ్యాక అంతవరకు ఎవరూ నాకేం కావాలని అడగలేదు.

ఒక్కోదాని గురించి అడిగాను. నా ప్రశ్నలన్నీ ఇంటి చుట్టూనే తిరిగాయి. మాత్రలైతే బీరువాలో ఎక్కడ పెట్టినా అత్తయ్య చేతికి దొరుకుతాయి. కండోమ్ కొనడానికి మా ఆయన వెళ్లే మందుల షాపులో ఉన్నది ఆయన దగ్గరి బంధువు. ఆశా వర్కరు ఇంటికే తెచ్చిస్తుంది కానీ, ఆమె గడప దగ్గర ఎందుకు ఆగిందో వీధి మొత్తానికి తెలుస్తుంది. కాపర్-టి అంటే అప్పట్లో నాకే భయం. ఇక మిగిలింది అంతర ఇంజక్షన్. మూడు నెలలకోసారి, ఉచితం, ఇంట్లో దాచాల్సిన వస్తువు ఏదీ ఉండదు, పాప టీకాల పేరు చెప్పి వెళ్లొచ్చు. పాలిచ్చే తల్లులు కాన్పయిన ఆరు వారాల తర్వాత తీసుకోవచ్చని ఆవిడ చెప్పింది. నెలసరి తేదీలు తప్పుతాయని, మచ్చలు మచ్చలుగా కనిపించవచ్చని, కొందరికి పూర్తిగా ఆగిపోతుందని, ఆపేశాక మళ్లీ గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చని కూడా చెప్పింది. మా ఆయనకి రాత్రి చెప్పాను. "నీ ఇష్టం, అమ్మకి మాత్రం తెలియనీకు" అన్నారు. ఆ రోజుకి ఆ మాటే నాకు గొప్పగా అనిపించింది.

ఇంజక్షన్ చేయి మీద చేశారు. చేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు అని రెండుసార్లు చెప్పి, తర్వాతి తేదీ రాసిన కార్డు చేతిలో పెట్టారు. ఆ కార్డుని నా స్కూల్ బ్యాగులో పుస్తకాల మధ్య పెట్టుకున్నాను.

దాచుకోవచ్చు కదా అని ఎంచుకున్న పద్ధతే అన్నిటికన్నా బయటపడిపోయింది. రెండో నెల నుంచి బ్లీడింగ్ ఆగీ ఆగనట్టుగా వారాల తరబడి సాగింది. మా ఇంట్లో ఆ రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్లకూడదు, పచ్చళ్లు ముట్టుకోకూడదు. కాబట్టి నా నెలసరి ఎప్పుడొచ్చింది, ఎప్పుడయింది అన్నది ఇంట్లో అందరికీ తెలిసే విషయం. పండగ పూట కూడా నేను పక్కన కూర్చునే ఉంటే అత్తయ్యకి అనుమానం వచ్చింది. "ఆసుపత్రికి వెళ్దాం పద" అన్నారు. వైద్యం పరంగా ఆ బ్లీడింగ్‌లో ప్రమాదం లేదని ఏఎన్‌ఎం చెప్పింది, ఇంకో రెండు డోసులైతే సర్దుకుంటుందని ధైర్యం చెప్పింది. కానీ నాకు వచ్చిన కష్టం వైద్యంది కాదు. ఈ సైడ్ ఎఫెక్ట్ గురించి కాగితం మీద 'క్రమం తప్పిన రక్తస్రావం' అని రాస్తారు. ఉమ్మడి ఇంట్లో ఉన్న కోడలికి అది రోజూ సమాధానం చెప్పుకోవాల్సిన విషయం. ఆ ఇంజక్షన్ మొదలుపెట్టి మానేసినవాళ్ల గురించి ఎవరైనా 'అవగాహన లేదు' అంటే నేను ఒప్పుకోను.

తర్వాత ఒకసారి తేదీకి వెళ్తే స్టాక్ లేదన్నారు. వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం రావాలంటే మళ్లీ స్కూలుకి సెలవు పెట్టాలి. మాలాంటి ప్రైవేటు స్కూళ్లలో సెలవు పెడితే జీతంలో కోత పడుతుంది. ఉచితంగా ఇచ్చే ఇంజక్షన్‌కి నాకు ఒక రోజు జీతం ఖర్చు. బయట కొనుక్కుంటే ఇంకొంచెం. ఈలోపు ఇంట్లో టెన్షన్ ఎక్కువైంది, నేనూ అలిసిపోయాను. ఆపేశాను.

ఆపాక వెంటనే కడుపు రాలేదు. ఏఎన్‌ఎం ముందే చెప్పింది కాబట్టి నాకు కంగారు లేదు. కానీ ఇంజక్షన్ సంగతి అప్పటికి అత్తయ్యకి తెలిసిపోయింది. "ఆ సూది వల్ల గొడ్డుపోయింది" అని చుట్టాల ముందు అన్నారు. ఆ నెలలు నేను ఎలా గడిపానో ఇప్పుడు వివరంగా రాయాలని లేదు. ఏడాది తిరిగాక నెల తప్పింది. రెండోది కూడా ఆడపిల్లే.

ఆ కాన్పుకి ముందు నుంచే ఇంట్లో రెండు పక్షాలు. సిజేరియన్ ఎలాగూ చేస్తున్నారు కదా, అదే కోతలో ఆపరేషన్ కూడా చేసేస్తే మళ్లీ బాధ ఉండదని మా అమ్మ. మగపిల్లాడు లేకుండా ఆపరేషన్ ఏంటని అత్తయ్య. ఇద్దరి మాటల్లోనూ ఎవరి లెక్క వాళ్లకుంది. మా వైపు కాన్పు పుట్టింట్లో, ఆపరేషన్ అయినా పుట్టింట్లోనే. మంచం మీద పడుకోబెట్టి చూసుకునేది, మందులు కొనేది పుట్టింటివాళ్లే. ఒకేసారి అయిపోతే మా అమ్మావాళ్లకి ఖర్చు ఒకసారితో పోతుంది. ఆడవాళ్ల ఆపరేషన్ ఇంత సులువుగా ఎందుకు సాగిపోతోందో నాకు అప్పుడు తెలిసింది. మొగుడి సంపాదన ఒక్క రోజు కూడా ఆగదు, అత్తింటి జేబులో రూపాయి కదలదు. ఆ భారమంతా పుట్టింటి మీద, ఆమె ఒంటి మీద పడుతుంది.

నాకు మూడో కాన్పు వద్దు. అలాగని పసిబిడ్డ పొత్తిళ్లలో ఉండగా శాశ్వత ఆపరేషన్‌కీ మనసు ఒప్పుకోలేదు. తొమ్మిదో నెలలో చెకప్‌కి వెళ్లినప్పుడు, సిజేరియన్‌లోనే కాపర్-టి పెట్టొచ్చా అని డాక్టరమ్మని అడిగాను. పెట్టొచ్చన్నారు. కాన్పు అయిన 48 గంటల్లోపు ఎప్పుడైనా, లేదంటే ఆరు వారాల తర్వాత పెడతారట. 380-ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకున్నప్పుడు తీయించుకోవచ్చు, తీసిన వెంటనే మళ్లీ గర్భం వచ్చే వీలుంటుంది. కానీ కాన్పు రోజున వార్డులో నర్సు, భర్త సంతకం ఉంటేనే పెడతామంది. నా సంతకం చాలదా అన్నాను. "రేపు మీవాళ్లొచ్చి మా మీద గొడవ చేస్తే ఎవరు సమాధానం చెప్తారమ్మా?" అంది. ఆమె భయం కూడా ఊరికే పుట్టింది కాదు, అలాంటి గొడవలు వాళ్లు చూసే ఉంటారు. కానీ నిబంధన అది కాదు. మన దేశంలో ఆపరేషన్‌కి కూడా భర్త ఒప్పుకోలు అక్కర్లేదని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. 22 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు, పెళ్లయి ఉండటం, కనీసం ఒక బిడ్డ ఉండి ఆ బిడ్డకి ఏడాది నిండి ఉండటం, ఇవీ అడిగేవి. ఇది తెలిసిన ఆడవాళ్లు ఎంతమంది? మా ఆయన వచ్చి సంతకం పెట్టారు, పని జరిగింది. ఆయన పెట్టనంటే ఏమయ్యేదో మరి.

కాపర్-టితో మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. నెలసరి వచ్చినప్పుడు నొప్పి ఎక్కువ, బ్లీడింగ్ ఎక్కువ. ప్యాడ్లకి ఖర్చు పెరిగింది. నాకు ముందే రక్తం తక్కువ, మాత్రలు వాడుతూనే ఉన్నాను. మా రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. అలాంటివాళ్లకి నెలనెలా ఇంకొంచెం రక్తం పోవడమంటే చిన్న విషయం కాదు, పొలం పనికి వెళ్లేవాళ్లకైతే మరీను. డాక్టరమ్మ హిమోగ్లోబిన్ చూసి ఐరన్ మోతాదు మార్చారు. కాపర్-టి దారం సరిగ్గా ఉందో లేదో చూశారు. మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గుతుందన్నారు, అలాగే తగ్గింది. మా తోడికోడలు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "అది గుండెకి పాకుతుందంట, తీయించేసుకో" అనేది. గర్భసంచికీ గుండెకీ మధ్య అలాంటి దారే లేదని ఆ అక్కకి ఎన్నిసార్లు చెప్పానో. ఆమెకి ఆ మాట చెప్పింది ఇంకెవరో, వాళ్లకి ఇంకెవరో. కాపర్-టి వాడి బాగున్నవాళ్లు మా చుట్టుపక్కల ఒక్కరు కూడా లేకపోతే ఇలాంటి మాటలకి ఎదురు చెప్పేదెవరు?

ఇలా కొంతకాలం ఊపిరి పీల్చుకున్నాను. ఆ సమయంలో ఇంట్లో ఒక మార్పు వచ్చింది, దాన్ని దాటేసి ఈ కథ చెప్పలేను. బేరాలు తగ్గి మా ఆయన ఆటో కొన్ని నెలలు సరిగ్గా నడవలేదు. ఆ కిస్తీలు నా జీతంతో కట్టాం. స్కూల్లో నాకు బాధ్యతలు పెరిగాయి, జీతమూ కొంచెం పెరిగింది. డ్వాక్రా సంఘంలో అప్పు నా పేరున వచ్చింది. అంతకుముందు నేను చెబితే వినపడని మాటలే అప్పుడు వినపడటం మొదలైంది. నా చదువు అదే, నా తెలివి అదే, చెప్పిన విషయమూ అదే. మారింది డబ్బు ఒక్కటే. ఇది ఒప్పుకోవడానికి మనసుకి కష్టంగా ఉంటుంది కానీ నిజం.

చిన్నదానికి ఏడాది దాటాక మళ్లీ మగపిల్లాడి మాట ఎత్తారు అత్తయ్య. నేను ఈసారి తప్పించుకోలేదు. ఇద్దరితో ఆపేస్తున్నాం అని మా ఆయన పక్కన ఉండగానే చెప్పాను. మావయ్య మధ్యలో ఒక మాట అన్నారు: ఇప్పుడు పెద్ద నాయకులే ఎక్కువమందిని కనమంటున్నారట కదా అని. మాకు తెలిసిన ఒకాయన ముగ్గురు పిల్లలున్నందుకే పంచాయతీ ఎన్నికలకి నిలబడలేకపోయారు. పిల్లలు ఇద్దరు దాటితే పోటీకి అనర్హులన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉండేది, చివరికి 2024లో తీసేశారు. వద్దన్నప్పుడూ కనమన్నప్పుడూ పై నుంచి చెప్పేవాళ్లు మారుతుంటారు. మోసేదీ, కనేదీ, రాత్రుళ్లు మేల్కొనేదీ మేమే.

సరే, ఆపేస్తున్నాం. మరి ఆపరేషన్ ఎవరికి? మా ఆయన కూడా మొదట నాకే అనుకున్నారు. అందరి ఇళ్లలో జరిగేది అదే కదా. ఆయన్ని మార్చింది నా వాదన కాదు, టీవీలో వచ్చిన ఒక వార్త. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, వాళ్లలో నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులు. అంతకుముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఒక్క శిబిరంలో 83 మందికి చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఈ శిబిరాల పద్ధతికే స్వస్తి చెప్పాలంది. అయినా ఇబ్రహీంపట్నం జరిగింది. సరిగ్గా చేస్తే ట్యూబెక్టమీ భద్రమైన ఆపరేషనే, లక్షల మంది చేయించుకుని బాగున్నారు. గుంపులు గుంపులుగా, హడావుడిగా చేయడం వల్లే ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు రెండు సిజేరియన్లయ్యాయి. మళ్లీ కడుపు కోయించడం నాకిష్టం లేదు" అన్నారు. అప్పుడు వేసెక్టమీ మాట నేనెత్తాను.

భయాలు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. బరువులు ఎత్తలేనేమో, బండి నడపలేనేమో, నీరసం వస్తుందేమో, అసలు మగతనం ఉంటుందా. మావయ్యకి తెలిస్తే ఒప్పుకోరు. ఆయన కుర్రతనంలో ఎమర్జెన్సీ కథలు విన్న మనిషి. 1976-77లో ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, అందులో 62 లక్షల దాకా మగవాళ్లవే. ఎంతోమందిని బలవంతంగా లాక్కెళ్లారు. ఆ దెబ్బతో మగవాళ్ల ఆపరేషన్ అంటేనే ఏ ప్రభుత్వమూ గట్టిగా మాట్లాడలేని పరిస్థితి వచ్చింది, బరువంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. మావయ్య భయాన్ని నేను తీసిపారేయను. కానీ ఆ భయానికి మూల్యం చెల్లించింది మా అమ్మ తరం.

నా కాపర్-టి చూసే డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడ ఒక కాగితం తీసుకుని బొమ్మ గీశారు. వృషణాల నుంచి వీర్యకణాలు వచ్చే సన్నటి గొట్టాలు రెండు, అవి మాత్రమే కత్తిరించి కట్టేస్తారు. మగతనాన్నిచ్చే హార్మోన్ ఆ గొట్టాల్లోంచి రాదు, రక్తంలో కలిసి వెళ్తుంది, దానికేమీ కాదు. వీర్యంలో వీర్యకణాల వంతు చాలా తక్కువ కాబట్టి ఆ తేడా కంటికి కూడా తెలియదు. కోత, కుట్లు లేకుండా చిన్న రంధ్రంతో చేస్తారు, ఆ చోటికే మత్తు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు వద్దు. మా ఆయన అడిగిన ఆఖరి ప్రశ్న "బండి ఎప్పుడు తీయొచ్చు?" అని. ఆడవాళ్ల ఆపరేషన్‌కయితే కడుపు తెరవాలి, ఎక్కువ రోజులు జాగ్రత్తగా ఉండాలి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఆవిడ చెబుతుంటే ఆయన ముఖంలో ఆశ్చర్యం నాకు కనిపించింది. ఇన్నేళ్లూ ఎవరూ ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. ఇంటికొచ్చే ఏఎన్‌ఎం అయినా, గోడ మీద పోస్టరయినా మాట్లాడేది మాతోనే కదా.

కిస్తీ కట్టేసిన వారంలో, బేరాలు తక్కువుండే రోజులు చూసుకుని వెళ్లాం. రక్తం, మూత్రం పరీక్ష చేశారు. ఒప్పంద పత్రం చదివి వినిపించారు, ఇది శాశ్వతమని మళ్లీ అడిగి మరీ సంతకం తీసుకున్నారు. లోపలికి వెళ్లిన మనిషి నేను టీ తాగి వచ్చేలోపే బయటికి నడుచుకుంటూ వచ్చారు. బిగుతైన లోదుస్తులు వేసుకోమన్నారు, నొప్పి మాత్రలిచ్చారు. కొంచెం వాపు, రెండు రోజులు లాగినట్టు నొప్పి, అంతే. మా రాష్ట్రంలో ప్రభుత్వం అప్పట్లో పరిహారంగా మగవాళ్లకి 1100 రూపాయలు ఇచ్చేది. ఆడవాళ్లలో తెల్లకార్డు ఉన్నవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి 600. ఆయన పోగొట్టుకున్న బేరాలకి ఆ 1100 సరిపోలేదు, మేమూ దాని కోసం వెళ్లలేదు. కానీ రోజు కూలి మీద బతికే ఇంట్లో ఆ మొత్తం, ఆ రోజుల నష్టం రెండూ లెక్కలోకి వస్తాయి.

అందరూ తెలుసుకోవాల్సింది దీని తర్వాతి సంగతి. వేసెక్టమీ అయిన రోజు నుంచే రక్షణ రాదు. గొట్టాల్లో మిగిలిపోయిన వీర్యకణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటివరకు వేరే పద్ధతి వాడాల్సిందే. మూడు నెలలయ్యాక వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని రిపోర్టు వస్తేనే ఆపరేషన్ ఫలించినట్టు. ఈ ఒక్క ముక్క తెలియక ఆ మధ్యలో గర్భం వస్తే నింద భార్య మీద పడుతుంది, ఎలాంటి నిందో చెప్పక్కర్లేదు. నా కాపర్-టి ఉంది కాబట్టి మాకు ఆ భయం లేకపోయింది. శాంపిల్ ఇవ్వడానికి ల్యాబ్‌కి వెళ్లడమే మా ఆయనకి ఆపరేషన్ కన్నా కష్టమనిపించింది, ఈరోజు రేపు అని వాయిదా వేశారు. నేను పట్టుబట్టి తీసుకెళ్లాను. రిపోర్టు చేతికొచ్చాకే కాపర్-టి తీయించుకున్నాను.

అత్తయ్యకి మా ఆయనే చెప్పారు, నన్ను ముందుకు తోయలేదు. ఆవిడ బాగా ఏడ్చారు. నేనేదో చేసి కొడుకుని అలా చేయించానని చాలాకాలం నాతో ముభావంగా ఉన్నారు. ఆయన ఎప్పటిలాగే బస్తాలు ఎత్తుతుంటే, బండి నడుపుతుంటే చూసి మెల్లగా ఆ మాట తగ్గించారు. వీధిలో ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ "మా కోడలికి ఆపరేషన్ అయిపోయిందమ్మా" అనే చెబుతారు. కొడుకు పరువు పోతుందని ఆవిడ భయం. ఆవిడ అన్నప్పుడు నేను ఎదురు చెప్పను, కానీ నన్ను అడిగినవాళ్లకి నిజమే చెబుతాను.

అలా అడిగినవాళ్లలో మా స్కూల్ ఆయా ఒకామె. ఆమెకి ఇరవై రెండేళ్లకే ఆపరేషన్ అయింది. అప్పు తీర్చాలని పచ్చి ఒంటితోనే మిరప కోతలకి వెళ్లిపోయిందట, అప్పటి నుంచి నడుము నొప్పి ఉందంటుంది. ఇప్పుడు ఆమె కూతురికి ఇద్దరు పిల్లలు, వయసు ఇంకా ఇరవై ఒకటి. వెంటనే ఆపరేషన్ చేయించేద్దామని ఇంటిల్లిపాదీ అంటుంటే "టీచరమ్మా, నువ్వేం చెబుతావు?" అని నా దగ్గరికి వచ్చింది. నిబంధన ప్రకారం 22 నిండకుండా చేయకూడదని చెప్పాను. ఆ పిల్లని తీసుకుని పీహెచ్‌సీకి వెళ్లాం. పాలిచ్చే తల్లి, హార్మోన్లంటే భయం. ఏఎన్‌ఎం ఛాయ మాత్రలు ఇచ్చింది. అవి హార్మోన్ లేనివి, లక్నోలోని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ తయారుచేసినవే. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఆదివారం, బుధవారం అని రోజులు పెట్టుకుంది. ఫోన్ మొగుడి దగ్గర ఉంటుంది కాబట్టి అలారం పెట్టుకోలేదు, వాళ్లమ్మే గుర్తు చేస్తోంది. ఇప్పుడు వారానికి ఒకటికి వచ్చింది. అల్లుడిని ఒకసారి మా ఆయనతో మాట్లాడించమని ఆయా అడుగుతోంది. మా ఆయన సరేనన్నారు, అల్లుడు ఇంకా ఒప్పుకోలేదు.